జానెడు నీళ్లు: పులికాట్ ఉత్తరపు బురదనేలపై ఒక కేస్ స్టడీ

పులికాట్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఒక బురదనేల ఉంది. నవంబర్ వానలకి నీళ్లెక్కుతుంది, మార్చి, ఏప్రిల్ నాటికి పగుళ్లిచ్చి ఎండిపోతుంది. దాని అంచుల్లో మొక్కలు నాటి, మధ్యలో లోతైన గుంటలు తవ్వి, చుట్టూ కట్ట వేసి వలస పక్షులకి నిలయంగా చేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. వేసవిలో ఆ నేల చూస్తే ఎవరికైనా ఇక్కడ ఏదో ఒకటి చేయాలనే అనిపిస్తుంది. కానీ ఆ ప్రతిపాదన ఉన్నది ఉన్నట్టు అమలైతే, అక్కడికి చలికాలంలో దిగే పిట్టల్లో చాలావాటికి తిండి లేకుండా పోయేది. ఆ ప్రతిపాదనని మార్పించడానికి మా చిన్న బృందం చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, శాఖ పేరు రాయడం లేదు. ఇలాంటి ఆలోచనలు మన తీరం పొడవునా వస్తూనే ఉంటాయి కాబట్టి అసలు విషయం మీదే దృష్టి ఉండాలని నా కోరిక.

చోటు గురించి

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. మన పాత పేరు ప్రళయకావేరి. ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. తూర్పున సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల నుంచి మంచినీళ్లు వస్తాయి. ఉప్పునీళ్లు రావాలంటే ముఖద్వారాలు తెరిచి ఉండాలి. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒకటుంది. మన వైపు రాయదొరువు, తూపిలిపాళెం దగ్గర ఉన్నవి ఇసుకతో పూడిపోతూ ఉంటాయి.

సరస్సు సగటు లోతు మనిషి నడుము దాటదు. ఉత్తర భాగం ఇంకా మెరక. ఈశాన్య రుతుపవనాల మీదే దాని బతుకంతా. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వచ్చిన నీరే ఆ ఏడాదికి. ఆపైన ఎండకీ గాలికీ తరుగుతూ పోతుంది. తరిగేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, ఎండాకాలంలో సముద్రపు నీళ్ల కంటే ఉప్పగా మారుతుంది.

దీనికి తోడు శ్రీహరికోట రోడ్డు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్) ఎగిరింది. సూళ్లూరుపేట నుంచి దీవికి వెళ్లే రోడ్డు సరస్సుకి అడ్డంగా సాగుతుంది. అది దేశానికి అవసరమైన రోడ్డు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ రోడ్డు తర్వాత ఉత్తరపు నీళ్లూ దక్షిణపు నీళ్లూ కలవడానికి కల్వర్టులే దారి. వాటి కింద పూడిక చేరితే ఉత్తర భాగం ఒంటరిదైపోతుంది. పక్షుల సంఖ్య గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ కల్వర్టుల దగ్గర ఆగి చూడాలి.

1976లో మన వైపు పులికాట్‌ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడాది దగ్గర్లోని నేలపట్టు చెరువుకీ ఆ హోదా వచ్చింది. నేలపట్టులో నీటిలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి, పిల్లల కోసం పులికాట్‌కి చేపలకి వస్తాయి. ఫ్లెమింగోలది వేరే లెక్క, అవి తిండి కోసమే వస్తాయి. పెద్ద ఫ్లెమింగోలు గుడ్లు పెట్టేది కచ్ రణ్‌లో. సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టలు (బురదలో ముక్కుతో పొడిచి పురుగులు తినే ఒడ్డు పిట్టలు) మధ్య ఆసియా నుంచీ సైబీరియా నుంచీ వస్తాయి. ఈ దారిని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. ఆర్కిటిక్ అంచు నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాలు దీని కిందికి వస్తాయి.

పిట్టకో లోతు

మేము కొలిచిందేమిటో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. చిన్న స్టింట్ అనే ఉల్లంకి పిట్ట బరువు పాతిక ముప్ఫై గ్రాములు, కాలు రెండు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. దానికి తడి బురద కావాలి, లేదా వేలి మందాన నీళ్లు. బెత్తెడు నీళ్లుంటే అది దిగనే దిగదు. నల్లతోక గాడ్‌విట్ ముక్కు 8 నుంచి 12 సెంటీమీటర్లు, కాళ్లు పొడుగు, బెత్తెడు నీళ్లలో నిలబడి బురదలోకి ముక్కు దించి పురుగుని లాగుతుంది. సూదితోక బాతు తల కిందకి పెట్టి తోక పైకెత్తి జానెడు లోతు వరకు అందుకుంటుంది. ఫ్లెమింగో మోకాటి లోతులో కూడా నడుస్తుంది, వంగిన ముక్కుని తలకిందులుగా ముంచి బురదనీళ్లని వడకట్టి పురుగుల్నీ నాచునీ తింటుంది. గూడబాతుకి చేప ఉన్న నీళ్లు కావాలి.

అంటే ఒకే నేల మీద బెత్తెడు తేడాలో రకరకాల పిట్టలకి విస్తరి వేసి ఉంటుంది. నీళ్లు తరిగేకొద్దీ ఆ విస్తరి జరుగుతూ పోతుంది. నవంబర్‌లో ఒడ్డు దగ్గర ఉన్న తడి అంచు ఫిబ్రవరికి కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. చిన్న పిట్టలు దాని వెంటే పోతాయి. అంచు అలా వెనక్కి జరిగినప్పుడల్లా నిన్నటి దాకా నీళ్ల కింద ఉన్న కొత్త బురద బయటపడుతుంది. అందులో పురుగు మెత్తగా, ముక్కుకి అందేంత పైన ఉంటుంది. నాలుగు రోజులు ఎండితే బురద పైన పెచ్చు కడుతుంది, కింద పురుగున్నా ముక్కు దిగదు.

అక్కడ వల వేసే ఒక పెద్దాయన ఇదంతా ఒక్క ముక్కలో చెప్పాడు: "పిట్ట నీళ్ల ఎనకాలే పోతాది సార్. నీళ్లు ఏడ సన్నంగా ఉంటే ఆడ ఉంటాది."

ప్రతిపాదనలో ఏముంది

మూడు పనులు. నేల మధ్యలో లోతు గుంటలు, తవ్విన మట్టితో చుట్టూ కట్ట, కట్ట మీదా లోపలి మెరక మీదా మొక్కలు. వేసవిలో కూడా నీళ్లుంటే పక్షులు ఉండిపోతాయని, చెట్లుంటే గూళ్లు పెడతాయని అంచనా. నేలపట్టు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇలా అనుకోవడం సహజం. అక్కడ చెట్లు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి, పక్షులు ఉన్నాయి.

అయితే నేలపట్టు గూళ్ల చోటు. ఈ బురదనేల తిండి చోటు. గాడ్‌విట్‌కీ స్టింట్‌కీ ఇక్కడ చెట్టుతో పని లేదు. పైగా చెట్టు వాటికి భయం. డేగ ఎక్కడి నుంచి దూకుతుందో కనపడాలంటే చుట్టూ బయలు ఉండాలి. ఒడ్డున చెట్లు పెరిగితే ఆ పక్కన చాలా దూరం వరకు చిన్న పిట్టలు మేతకి దిగవు. సర్కారు తుమ్మ పాకిన చోట్ల ఇది కళ్లారా చూడవచ్చు. ఎవరూ నాటకుండానే అది పులికాట్ ఒడ్డుల మీదకి, తిప్పల మీదకి ఎక్కేసింది. దాని ముందున్న బురద ఎంత మంచిదైనా ఖాళీగా ఉంటుంది.

మడ మొక్కల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ఎక్కడ బురద కనిపిస్తే అక్కడ మడ నాటాలనే ఉత్సాహం బాగా పెరిగింది. కోరంగిలో మడ అడవి ప్రాణం లాంటిది, తుపానుని ఆపుతుంది, చేప పిల్లల్ని సాకుతుంది. దాన్ని పెంచాల్సిందే. కానీ ఏ రోజూ మడ లేని, ఆటుపోటు సరిగా అందని, వేసవిలో ఉప్పు పేరుకునే మెరక మీద దాన్ని నాటితే మొక్కా బతకదు, పిట్టకీ చోటుండదు. నాటిన మొక్కల లెక్క మాత్రం కాగితం మీద మిగులుతుంది.

ఏం కొలిచాం

వాదనతో పని జరగదని మాకు తెలుసు. అవతల ఉన్నవాళ్లు ఇంజినీర్లు, పంచాయతీ పెద్దలు. వాళ్లకి చూపించాల్సింది లోతు, తేదీ, పిట్ట. నేల మీద ఒడ్డు నుంచి లోపలికి వరసలుగా గీతలు పెట్టిన వెదురు కర్రలు పాతాం. నీళ్లెక్కినప్పటి నుంచి ఎండే దాకా క్రమం తప్పకుండా కర్ర దగ్గర లోతు రాసుకుని, అదే పూట ఆ కర్రల మధ్య ఏ పిట్ట మేస్తోందో, ఏది ఊరికే నిలబడి ఉందో విడివిడిగా రాశాం. మేస్తున్నదానికీ నిలబడినదానికీ తేడా రాయకపోతే లెక్క తప్పుదారి పట్టిస్తుంది. పెద్ద గుంపు లోతు నీళ్లలో విశ్రాంతి తీసుకుంటుంటే అదే మంచి చోటు అనిపిస్తుంది, తిండి చోటు మాత్రం పక్కనున్న ఖాళీ బురదే అయి ఉంటుంది.

జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. ఎంతో విలువైన లెక్క. కానీ అది ఏడాదిలో ఒక్క సమయానికి తీసిన ఫోటో. జనవరిలో ఖాళీగా ఉన్న మెరక నవంబర్‌లో నిండుగా ఉండి ఉండవచ్చు, మళ్లీ తిరుగు ప్రయాణానికి ముందు కొవ్వు పెంచుకునే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకో మూల ప్రాణాధారం అయి ఉండవచ్చు. ఒక్క నెల లెక్క చూసి ఇక్కడ పక్షుల్లేవని ఏ నేలనీ కొట్టేయకూడదు. ప్రతిపాదన మీద మేము రాసిచ్చిన కాగితంలో అన్నిటికంటే పైన రాసింది ఈ మాటే.

ఇంజినీర్లని ఆలోచింపజేసింది మాత్రం గుంటల సంగతి. పక్కనే ఒకప్పుడు ఎవరో మట్టి కోసం తవ్విన గుంట ఒకటి ఉంది. దాని చుట్టూ కర్రలు పాతి చూస్తే, మిగతా నేల కంటే అక్కడే బురద ముందు ఎండిపోతోంది. పలుచగా పరుచుకున్న నీళ్లు పల్లానికి జారి గుంటలో చేరుతున్నాయి. గుంట నిండుగా ఉంటుంది, చుట్టుపక్కల నేల పెచ్చు కడుతుంది. ఆ గుంటలో ఒకటి రెండు నీటికాకులు మునుగుతూ కనిపిస్తాయి. దానివల్ల ఎండిన నేల మీద మేయాల్సిన ఉల్లంకులు కనిపించవు కాబట్టి ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. ఇలాంటి గుంటలు నాలుగైదు తవ్వితే ఏమవుతుందో ఒక సాయంత్రం ఆ గుంట గట్టున నిలబెట్టి చూపించాం. లోపలికి రావాల్సిన నీళ్లకి కట్ట అడ్డం అన్న మాట ఆ తర్వాత మేము చెప్పాల్సిన పని లేకుండా వాళ్లే అన్నారు.

జాలర్ల మాట

పక్షుల పనిలో ఉన్నవాళ్లు చాలామంది జాలర్ల దగ్గరికి చివర్లో, సంతకం కోసం వెళ్తారు. ముందే వెళ్లాలి. ఏ కాలువ ఎప్పుడు పూడింది, గాలి తిరిగితే నీళ్లు ఏ వైపుకి తోసుకుపోతాయి, ఏ ఏడాది రొయ్య పిల్ల రాలేదు, ఇవన్నీ వాళ్లకి తెలిసినంత ఏ మ్యాప్‌లోనూ లేదు.

వాళ్ల కోపం కూడా న్యాయమైనదే. పండగ పేరుతో జనం వస్తారు, ఫోటోలు తీసుకుని పోతారు, మా ముఖద్వారం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు అన్నారు. సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ వల్ల పులికాట్ పేరు రాష్ట్రమంతా తెలిసింది, పిల్లలు బస్సుల్లో వచ్చి బైనాక్యులర్‌లో మొదటిసారి ఫ్లెమింగోని చూస్తున్నారు. అది గొప్ప విషయం. కానీ పిట్టకీ జాలరికీ కావలసిన నీళ్ల గురించి మిగతా ఏడాదంతా ఎవరు మాట్లాడతారన్నది వాళ్ల ప్రశ్న.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. జాలరికి లోతు కావాలి, పడవ తిరగాలి, సముద్రం నుంచి రొయ్య పిల్ల లోపలికి రావాలి. ఉల్లంకికి పలుచన కావాలి. ఒక సమావేశంలో ఒకతను నిలదీశాడు: "పిట్టలకి నీళ్లు తగ్గాలంటున్నారు, మాకు పెరగాల. మీరు ఎవరి పక్క సార్?" సూటి ప్రశ్న. మేము కర్రల లెక్కనే ముందు పెట్టాం. పడవలు తిరిగే కాలువ లోతుగా ఉంటే, నీళ్లు లోపలికీ బయటికీ ఆడితే, మెరక మీదకి నవంబర్‌లో నీళ్లు బాగా ఎక్కి నెమ్మదిగా దిగుతాయి. అలా నెమ్మదిగా దిగడమే పిట్టకి కావలసింది. కాలువ పూడిపోతే మెరక మీద నీళ్లు ఎక్కవు, ఎక్కినా ఉప్పు పేరుకుని ఎండిపోతాయి. కాలువ లోతు జాలరిది, మెరక పిట్టది. మెరకని తవ్వనంత వరకు, కాలువని పూడ్చనంత వరకు ఇద్దరికీ గొడవ లేదు. అది ఒప్పుకున్నాక ప్రతిపాదన మీద మాతో పాటు వాళ్లూ మాట్లాడారు. మా కాగితం కంటే వాళ్ల మాటకే బరువెక్కువ పడిందని నేను నమ్ముతున్నాను.

ఏం మారింది

లోపలి గుంటలు, కట్ట ఆగిపోయాయి. మొక్కలు ఊరి వైపు రోడ్డు పక్కకి, బడి ఆవరణలోకి మారాయి. బురద అంచున పెరుగుతున్న సర్కారు తుమ్మని ఒక పట్టీ వరకు వేళ్లతో సహా తీశారు, కట్టెలు ఊరివాళ్లే తీసుకున్నారు. తుమ్మ తీయడం ఒక్కసారితో అయ్యే పని కాదు, గొర్రెలూ మేకలూ కాయలు తిని గింజల్ని మళ్లీ చల్లుతూనే ఉంటాయి. ఏటా వానలకి ముందు మొలకలు పీకాల్సిందే. ఆ పనికి నిధి ఎవరిస్తారన్నది ఇంకా తేలలేదు, ఇప్పటికి ఊరి యువకులు చేస్తున్నారు.

నేల చివర ఒక రొయ్యల గుంట యజమానితో కూడా మాట కుదిరింది. పంట పట్టాక గుంట నీళ్లు ఒక్క రోజులో వదిలేయకుండా కొన్ని రోజుల పాటు దించితే ఆ గుంట అడుగే ఉల్లంకులకి మేత అవుతుంది. ఆయనకి ఖర్చేమీ లేదు. రొయ్యల సాగు మీద ఈ తీరంలో పాత గాయాలున్నాయి. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ చరిత్ర తెలిసినా, ఉన్న గుంటల యజమానులతో మాట్లాడటం మానకూడదని నా అభిప్రాయం. ఎండిన ఏడాది కొన్ని పిట్టలకి ఆ గుంటలే దిక్కు.

పక్షులు పెరిగాయా అని అందరూ అడుగుతారు. ఆ తర్వాత బాగా వానపడిన చలికాలంలో నేల నిండా ఉల్లంకులు, గాడ్‌విట్‌లు మేశాయి. వాన తక్కువైన ఏడాది నేల తొందరగా ఎండింది, పిట్టలు తక్కువే. ఇందులో మా పని ఎంత, వాన ఎంత అని విడదీసి చెప్పడం ఇంత చిన్న చోట సాధ్యం కాదు. ఈ తీరంలో వాన ఎంత చపలమో 2015, 2016 గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. 2015 నవంబర్‌లో నెల్లూరు జిల్లా వరదలతో మునిగింది, మరుసటి ఏడాది ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేశాయి. పక్షుల సంఖ్య పెంచామని రిపోర్టులో రాసుకోవడం తేలిక, నేను రాయను. మేము సాధించింది ఆ నేల చెడకుండా ఉండటం. మంచి వాన పడిన ఏడాది ఆ నేల పనిచేయడానికి సిద్ధంగా ఉంది.

"వేరే చోటికి పోతాయిలే"

ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. పక్షికి రెక్కలున్నాయి, ఇక్కడ లేకపోతే ఇంకో చోట దిగుతుంది అని. దీనికి జవాబు దక్షిణ కొరియాలో ఉంది. అక్కడ సేమన్‌గుమ్ అనే చోట 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి 2006లో మూసేశారు, సుమారు 400 చదరపు కిలోమీటర్ల బురదనేల, లోతులేని సముద్రం దాని వెనక చిక్కాయి. గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతికి అది వలసలో ఆగే ముఖ్యమైన మజిలీ. గోడ పడ్డాక పక్క తీరాల్లో వెతికినా ఆ పిట్టలు కనిపించలేదు, వాటి చలికాలపు చోటైన ఆస్ట్రేలియాలో కూడా సంఖ్య పడిపోయింది. 2015లో ఆ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలోకి చేర్చారు. మన కాకినాడ తీరంలో కూడా అప్పుడప్పుడూ కనిపించే పిట్ట అది. పక్కనున్న బురద మీద అప్పటికే వేరే పిట్టలు నిండి ఉంటాయి. కొత్తవాళ్లకి అక్కడ విస్తరి ఉండదు.

ఏ జాతికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2024లో మరికొన్ని ఉల్లంకి జాతుల ముప్పు స్థాయిని పెంచింది. పులికాట్‌కి వచ్చే కర్లూ శాండ్‌పైపర్ అందులో ఒకటి, అది ఇప్పుడు ముప్పున్న జాతి.

ముఖద్వారం తెరిచే ముందు

ఇప్పుడు అసలు పెద్ద పని రాయదొరువు ముఖద్వారం. పూడిక తీయాలని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, ప్రతిపాదనలు కదులుతున్నాయి. నేను దానికి పూర్తిగా అనుకూలం. చిలికాలో ఇదే జరిగింది. 1993లో ఆ సరస్సుని, రాంసర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడినేలల్లో దెబ్బతింటున్న వాటి జాబితాలో పెట్టారు. పూడిక వల్ల ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప పడిపోయింది. 2000 సెప్టెంబర్‌లో సిపకుద దగ్గర కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు, రొయ్యలు, పీతలు తిరిగొచ్చాయి, 2002లో చిలికా పేరు ఆ జాబితా నుంచి బయటికి వచ్చింది. ఇప్పుడు అక్కడ చలికాలపు గణనలో 10 లక్షలకి పైగా పక్షులు లెక్కకొస్తున్నాయి. తవ్వడానికి ముందు పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం లాంటి సంస్థలతో నీటి నడక మీద నమూనాలు కట్టించుకున్నారు. ఎక్కడ తెరిస్తే ఉప్పు ఎంత దూరం వస్తుంది, ఇసుక ఎక్కడ పేరుకుంటుంది అని ముందే చూసుకున్నారు. ఆ క్రమశిక్షణ మనకీ కావాలి.

ముఖద్వారం తెరిస్తే సరిపోదు కూడా. రోడ్డు కింద కల్వర్టుల పూడిక అలాగే ఉంటే కొత్త నీళ్లు రోడ్డు దాటి సరిగా కలవవు. రెండూ ఒకే అంచనాలో, ఒకే సీజన్‌లో జరగాలి. పని ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య పెట్టుకుంటే చలికాలపు పిట్టలకి ఇబ్బంది ఉండదు, జాలర్లకి అనుకూలమైన నెలల్ని వాళ్లని అడిగి ఖాయం చేయాలి.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది తవ్విన మట్టి. ఇసుక, బురద లక్షల టన్నుల్లో వస్తుంది. కాంట్రాక్టర్‌కి దగ్గర్లో ఖాళీగా కనిపించేది ఈ మెరకే. అక్కడ ఒక్క అడుగు మట్టి పోసినా ఆ నేల మీదకి మళ్లీ నీళ్లెక్కవు, ఆరు నెలల్లో సర్కారు తుమ్మ మొలుస్తుంది. కాబట్టి మట్టి ఎక్కడ పోయాలో సర్వే నంబర్లతో సహా టెండర్‌లోనే రాయాలని, మేత నేలల హద్దుల్ని ముందే రాళ్లు పాతి గుర్తించాలని, ఆ హద్దుల్ని జాలర్ల సంఘాల చేత చూపించి ఖాయం చేయించాలని మేము కోరాం. లోతు రాసిన మా కర్రల పట్టికలు, మ్యాపులు అందుకోసమే ఇచ్చాం. ఇలాంటి కొలతలు ఉత్తరపు ఒడ్డున మిగతా ఊళ్లలో కూడా పూడికతీతకి ముందే తీసిపెట్టుకోవాలి. వెదురు కర్ర, నోటు పుస్తకం, ఒక చలికాలం ఓపిక ఉంటే ఏ ఊరి డిగ్రీ పిల్లలైనా చేయగలరు. నేర్పడానికి మేము వస్తాం.